సూళగిరి దాటిపోయిన కొండప్ప

ఆ రోజుల్లో లోకంలో ఏ తప్పు జరిగినా దానికి జవాబు చెప్పవలసినవాణ్ణి నేనేనని నా నమ్మకం. పాలు పొంగిపోతే నేను, కరెంటు పోతే నేను, ఉన్నట్టుండి వాన వస్తే కూడా ఎట్లనో నేనే. ఇరవై ఒకటో ఏట భయపడేదానికి పెద్ద కారణం అక్కరలేదు, చేతికి ఒక బాధ్యత ఇస్తే చాలు. నాకిచ్చిన బాధ్యత ఆరడుగులు దాటి ఎత్తు ఉండింది, షేర్ ఆటోలో ఇద్దరి చోటు పట్టేది.

ముందు నేనెవరో చెప్పల్ల. మాది కుప్పం పక్క, గొర్రెలు మేపుకొనే ఇల్లు. కాలేజీలో ఉండేటప్పుడు ఒక స్నేహితుడి వెంట పోయి, జనం మోర్మన్లు అంటారే, ఆ చర్చిలో చేరినాను. (మా అమ్మ కొన్ని దినాలు నాతో మాట్లాడలేదు. తర్వాత, "సారాయి తాగకూడదంట, బీడీ ముట్టకూడదంట, మంచిదే కదా" అని తనకు తానే సమాధానం చెప్పుకొని మాట్లాడింది. టీ, కాఫీ కూడా తాగకూడదని తెలిసినాక మళ్ళా మాట నిలిపేసింది.) ఆ చర్చిలో వయసు పిల్లోళ్ళు రెండేండ్లు ఇల్లూ చదువూ వదిలిపెట్టి, యాడికి పంపితే ఆడికి సేవకు పోతారు. నన్ను తమిళనాడులో, సగం మంది తెలుగు మాట్లాడే హోసూరుకు పంపినారు. తెల్లచొక్కా, టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ళ. అన్నిటికంటే పెద్ద నియమం ఏమంటే, ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే ఉండల్ల. ఒకరికొకరు కనపడతా, వినపడతా ఉండల్ల. ఒంటిగా అంగడికి పోయి సబ్బు కూడా తేకూడదు.

నాకు జోడీగా వచ్చినవాడు పసిఫిక్ సముద్రం నడుమ టోంగా అనే దీవుల దేశం నుంచి వచ్చిన పంతొమ్మిదేండ్ల పిల్లోడు. మేముండే మేడ కింద ఇంటి ఓనరమ్మ వాణ్ణి మొదటిసారి చూసి, "ఏమప్పా, కొండ మాదిరి ఉండాడే" అనింది. ఆ దినం నుంచి వీధి వీధికంతా వాడు కొండప్ప. మా బిళ్ళల మీద పేరుకు ముందు ఎల్డర్ అని ఉంటుంది, అంటే పెద్ద అని అర్థం చెప్పినాను ఆమెకు. "మూతి మీద మీసం సరిగా రాలేదు, పెద్ద అంట" అని ఆమె నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. కొండప్పకు నేను నేర్పిన తెలుగు మూడే మాటలు: నాకు టీ వద్దమ్మా, చాలా సంతోషం, మళ్ళా వస్తాను. ఎవరింటికి పిలిస్తే ఆడికి పోయి, ఈ మూడూ ఇదే వరసలో చెప్పి బయటికి వచ్చేవాడు. టీ వద్దని, సంతోషపడి, మళ్ళా వస్తానంటాడే, ఈ పిల్లోడికి ఏం కావల్లనో తెలీక ఆడోళ్ళు తల్లడిల్లిపోయేవాళ్ళు.

డిసెంబరు వచ్చేసరికి కొండప్ప మాటలు తగ్గిపోయినాయి. ఇల్లు వదిలినాక వాడికి అది మొదటి క్రిస్మస్. హోసూరు చలికి బనీను మీద బనీను వేసుకొని, కిటికీ దగ్గిర కూర్చొని, ఉతికిన చొక్కానే మళ్ళా ఉతికేవాడు. ఏమైందని అడిగితే, "మా ఇంట్లో ఇప్పుడు పంది కాలుస్తా ఉంటారు" అని మాత్రం అనేవాడు. పండగ దినం వాళ్ళమ్మ వీడియో కాల్ చేస్తుంది, వాళ్ళ వంశమంతా ఒక చోట చేరి ఉంటుందని మాత్రం కండ్లు వెడల్పు చేసుకొని చెప్పేవాడు. ఆ కాల్ ఒక్కటి సరిగా జరిగిపోతే వీడు మళ్ళా మనిషవుతాడని నేను లెక్కేసుకొన్నాను.

పండగ దినం హోసూరులో మా చిన్న హాల్లో ఆరాధన అయినాక, సూళగిరిలో ఒక ఇంటికి భోజనానికి పోవల్ల. మా చర్చికి వచ్చే ఒకాయన ఆడ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, మేమాయన్ని కంపెనీ అన్న అనేవాళ్ళం. బస్టాండులో క్రిష్ణగిరి బస్సు ఎక్కినాము. జనం ఎట్లా ఉండారంటే, నేను వెనక తలుపు దగ్గిర ఇరుక్కొన్నాను, కొండప్ప ముందర తలుపు దగ్గిర తల పైకప్పుకు తగలకుండా వంచుకొని నిలబడినాడు. కనపడతాండాడు కాబట్టి నియమం దాటలేదని సమాధానపడినాను. (వినపడతాండాడా అంటే, బస్సులో పెట్టిన పాటల మోతకు నా మాట నాకే వినపడలేదు.) వాడి ఫోనులో చార్జి లేదు. నా సంచిలో పవర్ బ్యాంకుకు తగిలించి పెట్టుకొన్నాను.

సూళగిరి వచ్చింది. నేను దిగినాను. ముందర తలుపు దగ్గిర ఎవరెవరో దిగినారు, ఎవరెవరో ఎక్కినారు. కొండప్ప దిగే లోపల ఎక్కేవాళ్ళు వాణ్ణి లోపలికి తోసేసినారు. విజిల్ పడింది. బస్సు కదిలింది. కిటికీలో పెద్ద చెయ్యి ఒకటి ఊగింది. నేను టై గాలికి ఎగరతా హైవే పక్కన పరిగెత్తినాను, రోడ్డు పక్కన టమాటాలు అమ్మే ఆమె, "పోనీప్పా, వెనకాల ఇంకోటి వస్తాది" అని ఓదార్చింది. ఆమెకేం తెలుసు, నాకు కావల్సింది బస్సు కాదని.

పరదేశం పిల్లోడు, చేతిలో ఫోను లేదు, నోట్లో మూడు మాటలు. కంపెనీ అన్న ఇల్లు యాడో వాడికి తెలీదు. మేము మమ్మల్ని పిలిచిన ఇండ్లకు మాత్రమే పోయేవాళ్ళం, అయినా హోసూరు పక్క జూజువాడిలో ఒకసారి ఒకాయన మా టైలు చూసి, "మతం మార్చేదానికి వచ్చినారా" అని గట్టిగా అడిగినాడు. ఈ దినం అట్లాంటోడు ఎవరైనా అడిగితే కొండప్ప ఏం చెప్తాడు? చాలా సంతోషం అంటాడు. బెంగుళూరులో ఉండి మా సేవంతా చూసుకొనే పెద్దాయనకు ఫోన్ చేసి, ఇట్ల నా జోడీ కనపడలేదని చెప్పినాను.

"ఎట్ల కనపడకుండా పోతాడప్పా, అంత మనిషి?" అన్నాడు ఆయన.

"బస్సుతో పోయినాడు."

"ప్రార్థన చేసినావా?"

"చేసినాను."

"అయితే వెతుకు" అన్నాడు.

ఫోను జేబులో పెట్టుకొంటాండగా సంచిలో ఇంకో ఫోను మోగింది. తీసి చూస్తే తెర మీద లావుపాటి నవ్వు ముఖం. వాళ్ళమ్మ. ఎత్తకపోతే మేలా, ఎత్తితే మేలా అని నేను తేల్చుకొనేలోపల ఆగిపోయింది, వెంటనే మళ్ళా మోగింది. పండగ దినం ఒక తల్లిని ఎంతసేపని మోగనిచ్చేది? ఎత్తినాను. తెర నిండా తెల్లబట్టలు, మెడల్లో పూలదండలు, ముసలోళ్ళు, చంటి బిడ్డలు. అందరూ ఒక్కసారిగా అరిచి, నన్ను చూసి ఒక్కసారిగా ఊరకైపోయినారు.

ఆమె ఇంగ్లీషులో నా క్షేమం అడిగి, పండగ శుభాకాంక్షలు చెప్పి, "నా కొడుకు యాడ?" అనింది.

అబద్ధం చెప్పకూడదు. "బస్సులో ఉండాడమ్మా" అన్నాను. ఇది నిజం.

"నువ్వు?"

"బస్టాపులో ఉండాను." ఇదీ నిజమే.

ఆమె ఆలోచించింది. "మీరిద్దరూ ఎప్పుడూ కలిసే ఉండల్ల కదా?"

ఆ నియమం ఆమెకు తెలిసుంటుందని నేను అనుకోలేదు. వాళ్ళింట్లో అన్నదమ్ములంతా ఈ సేవ చేసి వచ్చినవాళ్ళేనని తర్వాత తెలిసింది. "కలిసే ఉండామమ్మా. నడుమ రవ్వంత దూరం వచ్చింది" అన్నాను.

"ఎంత దూరం?" అని వెనక నుంచి ఒక తాత ముందుకు వంగినాడు.

అప్పుడు దేవుడు నెట్‌వర్కు తీసేసినాడు. ఆ పండగకు నాకు వచ్చిన మొదటి కానుక అదే.

వెనకాల వచ్చిన క్రిష్ణగిరి బస్సు ఎక్కి, కండక్టరుకు నాకు వచ్చిన అరవంలో సంగతి చెప్పినాను. మామూలుగానే నా అరవం అంతంతమాత్రం, భయానికి అది ఇంకా చెడిపోయింది. ఆయన నా టై చూసి, బిళ్ళ చూసి, చివరికి నా ముఖం చూసి జాలిపడి, ముందర పోయిన బస్సు కండక్టరుకు ఫోన్ చేసినాడు. బస్సులో ఉండేవాళ్ళంతా చెవులు ఇటు పెట్టినారు. "ఎవరు, ఆ కబడ్డీ ఆటగాడా?" అన్నాడు ఒకాయన. "కాదప్పా, సినిమా షూటింగుకు వచ్చినాడంట" అన్నాడు ఇంకొకాయన. మేము హోసూరు బస్టాండులో నిలబడి ఉండేటప్పుడే వాళ్ళు వాణ్ణి చూసినారంట. కండక్టరు ఫోను దించి, ఆ మనిషి బస్సులో లేడని, నడుమ ఒక క్రాసు దగ్గిర ఒక ముసలామె మూటలు దించుకోలేక కష్టపడతా ఉంటే సాయానికి దిగినాడని, రెండో మూట దించగానే బస్సు కదిలిపోయిందని చెప్పినాడు.

ఆ క్రాసు దగ్గిర నన్ను దించినారు. పంక్చరంగడి అతను నేనేం అడక్కముందే, "ఆ పక్క పోయినాడు. తలమీద ఒక మూట, చంకలో ఒక మూట. అవ్వ ముందర, అతను వెనక" అని మట్టిదావ చూపించినాడు. నేను రాగిచేలు కోసిన మళ్ళ గట్ల మీద బూట్లతో జారతా, ఎవరితో ఏం చెప్పల్ల, ఎట్ల క్షమించమనల్ల అని ముందుగానే మాటలు పేర్చుకొంటా పోయినాను. ఊరి మొదట్లోనే ఒక ఇంటి ముందర జనం గుంపు కనపడింది. దగ్గిరికి పోయేసరికి నవ్వులు వినపడినాయి. జనాన్ని తోసుకొని లోపలికి తొంగి చూసినాను.

కొండప్ప పీట మీద కూర్చొని ఉండాడు. పీట కనపడలేదు, కూర్చొన్న తీరును బట్టి ఉందనుకొన్నాను. టై భుజం మీదికి వేసుకొన్నాడు. ముందర బేసిన్లో నానబెట్టిన అనపగింజలు. చుట్టూ ఆడోళ్ళు కూర్చొని గింజలు పితికి తోలు తీస్తాండారు, వీడూ పితుకుతాండాడు. వీడి వేళ్ళలో గింజ తోలులో నుంచి తుపాకీ గుండు మాదిరి ఎగిరి ఎవరి జుట్టులోనో పడుతుంది, అందరూ విరగబడి నవ్వుతారు. వీడి పక్కన మీగడ కట్టిన కాఫీ గ్లాసు ఒకటి. అవ్వ మొదట టీ ఇచ్చిందంట, "నాకు టీ వద్దమ్మా" అన్నాడంట. అయితే కాఫీ కావల్లేమో అని పాలు కొనుక్కొచ్చి కాఫీ పెట్టింది. కాఫీ వద్దని చెప్పేదానికి వీడి దగ్గిర మాట లేదు. మళ్ళా "నాకు టీ వద్దమ్మా" అన్నాడు. "టీ కాదప్పా, కాఫీనే, తాగు" అని ఆమె అక్కడ పెట్టింది. "చాలా సంతోషం" అన్నాడు.

నన్ను చూడగానే కొండప్ప ముఖం విప్పారింది. అవ్వ ముఖం మాత్రం ముడుచుకొనింది.

"నువ్వేనా ఇతని జత? పరాయి దేశం బిడ్డను బస్సులో వదిలేసి పోతారా యాడన్నా?"

"నేను వదిలేయలేదవ్వా. బస్సు పోయింది."

"బస్సు పోతాది. దాని పని పోయేదే. నువ్వు చూసుకోవల్ల కదా" అనింది. ఆమె నాకూ ఒక గుప్పెడు గింజలు చేతిలో పోసింది. కూర్చొని పితికినాను.

సంచిలో ఫోను మళ్ళా మోగింది. ఈసారి నేను తెర చూడకుండానే కొండప్ప చేతికిచ్చినాను. వాళ్ళ భాషలో అరుపులు, ఏడుపులు, నవ్వులు. అవ్వ ఊరకుండలేక, "వాళ్ళమ్మా? ఇట్లియ్యి" అని ఫోను తీసుకొని చెవికి ఆనించుకొనింది. అది వీడియో కాల్ అని చెప్పేలోపలే మాట్లాడేదానికి మొదలుపెట్టింది. సముద్రానికి ఆవల వాళ్ళ వంశానికంతా తెర నిండా ఒక చెవి, దానికి ఒక కమ్మ కనపడి ఉంటాయి.

"బిడ్డ నా దగ్గిర ఉండాడు తల్లీ. తింటాడు, నేను పెడతాను. నువ్వు మనసు చెడుపుకోవద్దు" అనింది అవ్వ.

అటుపక్క ఆమె ఏదో అనింది. నేను అడక్కముందే అవ్వ, "సరే సరే, అట్లనే" అని తల ఊపింది. ఏం సరే అనిందో నాకు ఈ దినానికీ తెలీదు. తర్వాత వాళ్ళంతా కలిసి పాట ఒకటి ఎత్తుకొన్నారు, ముసలోళ్ళ గొంతులు కింద, పిల్లోళ్ళ గొంతులు పైన. ఆడోళ్ళు గింజలు పితికేది నిలిపేసినారు. అవ్వ ఫోను చెవికే ఉంచుకొని, కొండప్ప ముఖం చూసి, కొంగుతో వాడి కండ్లు తుడిచింది. అంతపొద్దూ నవ్వినవాడు అప్పుడే ఏడ్చినాడు.

సంగటి, పితికిపప్పు కూర తిని, అందరికీ దండం పెట్టి కదిలినాము. (సూళగిరిలో కంపెనీ అన్న బిర్యానీ మూతపెట్టుకొని మాకోసం కాచుకొని ఉండాడు. కొండప్ప అదీ తిన్నాడు. నా కడుపులో చోటు లేదు.) ఊరు దాటినాక కొండప్ప అవ్వ ఇంటి పక్క తిరిగి, "మళ్ళా వస్తాను" అని గట్టిగా కేకేసినాడు. ఆ మాట వాడు తర్వాత నిలబెట్టుకొన్నాడు కూడా, నన్ను వెంటబెట్టుకొని.

సాయంత్రం హోసూరు బస్సులో వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను ఇవతల తలుపుకు అడ్డంగా కూర్చొన్నాను. మనసు కుదుటపడినాక అడిగినాను, "ఫోను లేదు, భాష లేదు, ఊరు తెలీదు. నీకు భయం కాలేదా?"

వాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకు? నువ్వు వస్తావు కదా" అని, కిటికీకి తల ఆనించి నిద్రపోయినాడు.

నేనిప్పుడు హోసూరులోనే ఒక కంపెనీలో షిఫ్టు చూసుకొంటాను. కింద పనిచేసేవాళ్ళలో ఎవరైనా ఆలస్యంగా వస్తే ఇప్పటికీ గేటు దగ్గిరికి పోయి నిలబడతాను, పక్కవాళ్ళు నవ్వుతారు. అప్పుడప్పుడు ఆ హైవే మీద పోయేటప్పుడు, బస్సు వెనకాల టై ఎగరేసుకొంటా పరిగెత్తే ఆ బక్క పిల్లోడు కండ్ల ముందర కనపడతాడు. బండి ఆపి, "మెల్లగా పోప్పా, వాడు గింజలు పితుకుతాండాడు, ఏం కాలేదు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు వాడు. వినకపోయినా పర్వాలేదులే, అట్లనే పరిగెత్తనీ.