క్లారినెట్ సాల్మన్ ఫించను

ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో 2018కి ముందు పెళ్లయినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంట్లో పెళ్లి వీడియో ఒకసారి పెట్టి చూడండి. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, నెత్తిన టోపీ, కళ్లు మూసుకొని క్లారినెట్ ఊదుతున్న సన్నటి మనిషి కనిపిస్తాడు. ఆయనే సాల్మనన్న. పక్కన బుగ్గలు పొంగించి ట్రంపెట్ వాయిస్తున్నది నేను. అప్పుడు నాకు జుట్టు ఉండేది కాబట్టి గుర్తుపట్టలేకపోవచ్చు.

మా బ్యాండులో ఏడుగురం. సాల్మనన్న మాస్టరు. చిన్నప్పుడు చర్చిలో హార్మోనియం వాయించే ఒక ముసలాయన దగ్గర స్వరాలు నేర్చుకున్నాడు. క్లారినెట్ మాత్రం ఎవరూ నేర్పలేదు, పాతది ఒకటి కొనుక్కొని తనంతట తానే పట్టాడు. అప్పగింతల వేళ ఆయన ఊదితే పందిట్లో ఏడవని మనిషి ఉండేవాడు కాదు. కొన్ని పెళ్లిళ్లలో పెళ్లికూతురు తల్లికి కన్నీళ్లు రాకపోతే ఆడవాళ్లు మా వైపు చూసి, ఇంకా మొదలుపెట్టలేదేమని సైగ చేసేవాళ్లు. ఇప్పటి డీజే డబ్బాలకు ఆ పని చేతకాదు. వాటికి గోడలు అదరగొట్టడం ఒక్కటే తెలుసు. ఈ మాట అంటే మా అబ్బాయి నన్ను పాతకాలం మనిషి అంటాడు. అననీ.

మా బ్యాండుకు ఒక అలవాటు ఉండేది. ఊరేగింపు బయల్దేరే ముందు పెళ్లింటి ఎదుట మేం లోపలికి మొఖాలు పెట్టి గుండ్రంగా నిలబడేవాళ్లం. నడుమ సాల్మనన్న. ఆయన క్లారినెట్ మూతికుండే సన్నటి పుల్ల, రీడు, నోట్లో తడుపుకొని, ఒక్క ఊపిరి గట్టిగా పీల్చి పాట ఎత్తుకునేవాడు. ఆ ఊపిరే మాకు సైగ. నేను అందుకునేవాణ్ని, నా తర్వాత సైడ్ డ్రమ్ము గిరి, చివర్న పెద్ద డ్రమ్ము లచ్చయ్య. శ్రుతి, దెబ్బ అన్నీ కుదిరాకనే జనం వైపు తిరిగేవాళ్లం.

"పైసలిచ్చి మీ ఈపులు సూడాల్నా ఏందయ్యా?" అని పెళ్లిపెద్దలు ఎగతాళి చేసేవాళ్లు. సాల్మనన్న నవ్వి ఊరుకునేవాడు. మాకు మాత్రం ఆ పది నిమిషాలే అసలు వాయింపు. మిగతాదంతా కూలి.

ఎన్ని ఊళ్లు తిరిగాం. కృష్ణ అవతలి ఒడ్డు పెళ్లిళ్లకు పుట్టిలో డ్రమ్ములు పెట్టుకొని దాటేవాళ్లం. లచ్చయ్యకు ఈత రాదు కాబట్టి ఒడ్డు చేరేదాకా డ్రమ్మును కావలించుకొని కూర్చునేవాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు మండలాఫీసు ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాయించాం. పెదాలు వాచి రెండు రోజులు కారం తినలేకపోయాం. ఆ రోజు సాల్మనన్న జనాన్ని చూసి జంకలేదు. ఎంత మంది ఉంటే అంత హుషారు ఆయనకు. అందుకే ఆ తర్వాత జరిగింది మేమెవరమూ చాలా రోజులు నమ్మలేదు.

2017 ఎండాకాలం, అమరచింత దారిలో ఒక ఊరి పెళ్లి. ఊరేగింపు సగం దూరం పోయాక క్లారినెట్ ఆగిపోయింది. తిరిగి చూస్తే సాల్మనన్న రోడ్డు మీద కూలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

"గుండె ఆగిపోతాంది కృష్ణయ్యా. ఎస్తేరుకు చెప్పు," అన్నాడు నా చెయ్యి పట్టుకొని.

జీపులో వేసుకొని దవాఖానకు ఉరికాం. గుండెకు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. పదిహేను రోజులకు ఇంకో పెళ్లిలో అదే. తర్వాత బస్సులో. తర్వాత సంతలో. చివరికి చర్చిలో ఆదివారం నాడు, ఆయన పుట్టి పెరిగిన చర్చిలో, బెంచీ మీది నుంచి లేచి బయటకు పరుగెత్తాడు. ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు ఎవరో ఏదో పెట్టారన్నారు. లచ్చయ్య ఎక్కడికో పోయి తాయెత్తు తెచ్చాడు. సాల్మనన్న దాన్ని కట్టుకోనూ లేడు, లచ్చయ్య మనసు నొప్పించనూ లేడు. జేబులో పెట్టుకొని తిరిగాడు.

ఏడాదికి ఒక సర్కారు డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. ఆందోళన జబ్బు. గుండె జబ్బు కాదని సంతోషపడాలో, మందులు ఏళ్ల తరబడి మింగాలన్నందుకు దిగులుపడాలో మాకు అర్థం కాలేదు. మందులతో కొంత తగ్గింది. ఇంట్లో ఆయన భార్య, మా ఎస్తేరు వదినె, పక్కన ఉంటే మామూలు మనిషే. గేదెకు గడ్డి వేస్తాడు, కూర వండుతాడు, మేం పోతే జోకులు వేస్తాడు. ఒంటరిగా ఉన్నా, నలుగురిలోకి వెళ్లినా ఊపిరి పట్టేస్తుంది. కూలికి పోతే గంటకే తిరిగొచ్చేవాడు. ఊళ్లో కొందరు పనిదొంగ అన్నారు. అన్నవాళ్లలో ఇద్దరి పెళ్లికి ఆయన క్లారినెట్ ఊదాడు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి. ఇక్కడ రాయను.

ఆయన లేక బ్యాండు నిలవలేదు. లచ్చయ్య ఆటో కొన్నాడు, గిరి పంచాయతీలో నీళ్లు వదిలే పనిలో చేరాడు. నేను మండలాఫీసు ఎదుట జిరాక్సు దుకాణం పెట్టి, జనానికి దరఖాస్తులు రాయడం మొదలుపెట్టాను. నా దరఖాస్తు చూస్తే ఆఫీసర్లు మారు మాట్లాడరని నాకు గొప్పగా ఉండేది.

వదినె బడిలో మధ్యాహ్నం వంట చేసేది. ఆ జీతం వచ్చేది ఎంత, నిలిచేది ఎంత. ఆమె చెల్లెలు షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తూ, తన గదిలోనే ఉండి పనికి రమ్మని పిలిచింది. వదినె అక్కడికి పోతే వారానికో రోజు తప్ప ఇంటికి రావడం కుదరదు. సాల్మనన్న అక్కడికి పోలేడు, ఇక్కడ ఒక్కడే ఉండలేడు.

"నేను పోతే ఈయన బతకడు. పోకుంటే ఇద్దరం బతకం. జర ఏదన్న తొవ్వ సూపు కృష్ణయ్యా," అని 2022లో ఒక రోజు దుకాణానికి వచ్చి అడిగింది.

తొవ్వ ఒకటే ఉంది. వికలాంగుల ఫించను. దానికి సదరం క్యాంపులో డాక్టర్లు చూసి, వైకల్యం నలభై శాతానికి తక్కువ కాదని సర్టిఫికెట్ ఇవ్వాలి. మనసు జబ్బుకు కూడా ఇస్తారని చెబితే మీసేవలో కూర్చునే అతనే నమ్మలేదు. కాగితాలు నేను పెట్టాను. స్లాట్ దొరికింది. ఫించను వస్తే, బడి వంటతో కలిపి, వదినె ఇంటి పట్టున ఉండగలదు. రాకపోతే షాద్‌నగర్.

క్యాంపు రోజున బస్సు ఎక్కలేడు కాబట్టి లచ్చయ్య ఆటోకు రెండు వైపులా దుప్పట్లు కట్టి తెచ్చాడు. గిరి సెలవు పెట్టాడు. నేను ఎవరికీ చెప్పకుండా సాల్మనన్న ఇంట్లో అటక మీదున్న క్లారినెట్ పెట్టె తీసి ఆటోలో సీటు కింద పెట్టాను. ఎందుకు పెట్టానని అడిగితే, ఆ మనిషి దానికి దూరంగా ఉండటం నేను చూడలేకపోయాననే చెబుతాను. అంతకు మించి ఆలోచన ఏమీ లేదు.

దవాఖాన ఆవరణలో మూడు నాలుగు వందల మంది. మూడు చక్రాల బండ్లు, కర్రలు, చంకలో పిల్లలు. మా టోకెను ఎప్పుడో మధ్యాహ్నానికి. గంట గడిచేసరికి సాల్మనన్న చొక్కా తడిసిపోయింది.

"నన్ను తీస్కపోరి. దండం పెడ్త, ఇంటికి తీస్కపోరి," అన్నాడు.

పోతే స్లాటు పోతుంది. మళ్లీ ఎన్ని నెలలో. వదినె నా మొఖం చూసింది. అప్పుడు నేను పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఎవరూ చెప్పకుండానే ముగ్గురం లోపలికి మొఖాలు పెట్టి నిలబడ్డాం. నాలుగో వైపు వదినె నిలబడింది. ఆయన మా మొఖాలు ఒక్కొక్కటే చూశాడు. రీడు తడుపుకొని ఊపిరి పీల్చాడు.

ఐదేళ్ల తర్వాత ఆయన పాట విన్నాం. నాకు ట్రంపెట్ లేదు, పెదాలు మాత్రం కదిలాయి. గిరి తన తొడ మీద దెబ్బ వేశాడు. కర్రల మీద నిలబడ్డవాళ్లు దగ్గరకు వచ్చారు, ఎవరో ఫోన్లో వీడియో తీశారు. ఆయన చెమట ఆరింది. వేళ్లు మునుపటిలాగే ఆడాయి. నా అంత తెలివిగలవాడు ఆ జిల్లాలో లేడని ఆ పది నిమిషాలు అనుకున్నాను.

లోపలికి పిలిచినప్పుడు సాల్మనన్న నవ్వు మొఖంతో పోయాడు, వెనకే నేను. డాక్టరు చెడ్డవాడేమీ కాదు. కిటికీలోంచి చూశాడట. "చాలా బాగా వాయించావయ్యా," అన్నాడు. సాల్మనన్న అలవాటు ప్రకారం చేతులు జోడించి, "మీ దయ సార్," అన్నాడు. "అంతమందిలో అంత నిబ్బరంగా వాయించేవాడికి జనమంటే భయమని ఎట్లా రాయమంటావు?" అని డాక్టరు అడిగాడు. సాల్మనన్న నా వైపు చూశాడు. నేను చెప్పబోతే బయటకు పొమ్మన్నారు.

శాతం చాలలేదని రాశారు.

తిరిగి వస్తుంటే ఆత్మకూరు పొలిమేరలో లచ్చయ్య ఒక్క మాట అన్నాడు. "నీ తెలివి పాడుగాను కృష్ణయ్యా." అది నాకు తగిన మాటే. వదినె మాత్రం నన్ను ఏమీ అనలేదు. ఇంకోసారి చూస్తాననీ, అప్పుడూ కాకపోతే వస్తాననీ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. ఏమైనా తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

మళ్లీ దరఖాస్తు రాశాను. నా జీవితంలో అంత గట్టి దరఖాస్తు రాయలేదు. అందులో ఒక వాక్యం పెట్టాను, ఆ రోజు క్లారినెట్ వాయించింది ఇతడు కాదు, వేరే కళాకారుడు అని. సాల్మనన్న కళ్లద్దాలు పెట్టుకొని మొత్తం చదివాడు.

"గీ మాట తీసెయ్," అన్నాడు.

"గీ మాటుంటెనే నీకు ఫించనొస్తదన్నా."

"వాయించినోణ్ని వాయించలేదని ఎట్ల చెప్త? గది ఒక్కటే నేను జిందగీల సక్కగ చేసిన పని. దాన్ని గూడ కాదనుమంటవా?"

కోపం వచ్చింది నాకు. అంత జబ్బులోనూ మొండితనం తగ్గలేదని తిట్టుకుంటూ ఆ వాక్యం కొట్టేశాను. పైగా రెండోసారి పోయేటప్పుడు పెట్టె తనే తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, వాయించింది దాచనన్నాడు. లచ్చయ్య నా వైపు చూశాడు. ఈసారి తప్పు నాది కాదని చేతులెత్తాను.

ఈసారి మేం నలుగురం వెంటే లోపలికి పోయాం. అదే డాక్టరు. గుర్తుపట్టాడు. సాల్మనన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఆ దినం నాకు మంది కనపడలే. వీళ్ల మొఖాలే కనపడ్డయి. నలుగురు నా సుట్టు నిలబడ్డరు. ఇంట్ల గూడ గట్లనే బతుకుతున్న. ఎస్తేరు పక్కకు జరిగితే నేను లేను."

డాక్టరు ఫైలు తిరగేశాడు. ఈ మాట ఆయన ఫైలులో ఎక్కడా లేదు. నా గట్టి దరఖాస్తులోనూ లేదు. "వీళ్లు లేకుండా వాయించగలవా? నీకిష్టమైతేనే," అన్నాడు మెల్లగా.

"సూద్దాం సార్," అన్నాడు సాల్మనన్న.

మమ్మల్ని నలుగురినీ బయటకు పంపారు. తలుపు మూసుకుంది. నేను తలుపుకు చెవి ఆనించాను. పెట్టె గొళ్లెం తీసిన చప్పుడు, క్లారినెట్ ముక్కలు బిగిస్తున్న చప్పుడు వినబడ్డాయి. తర్వాత ఊపిరి. ఆ ఊపిరి నాకు తెలుసు. పదిహేనేళ్లు దాని కోసం ట్రంపెట్ పట్టుకొని ఎదురుచూసినవాణ్ని. దాని వెనక పాట రాకపోవడమన్నది ఎన్నడూ లేదు.

వదినె కళ్లు మూసుకొని పెదాలు కదుపుతోంది. లచ్చయ్య, గిరి తలలు దించుకొని ఉన్నారు. మేం నలుగురం ఒక్కటే మొక్కుకుంటున్నామని అందరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు. దేవుడా, ఆయన వాయించలేకపోవాలి.

పాట రాలేదు. రెండో ఊపిరి వినబడింది. అప్పుడూ రాలేదు. మూడోది సగంలోనే తెగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు, "చాలు, చాలయ్యా, కూర్చో, నీళ్లు తాగు," అని డాక్టరు గొంతు. తలుపు తెరుచుకోకముందే మాకు తెలిసిపోయింది, సర్టిఫికెట్ వస్తుందని, వదినె షాద్‌నగర్ పోనక్కర్లేదని.

నేను అందరి ముందే ఏడ్చాను. వదినె నా భుజం పట్టుకుంది.

"ఎందుకేడుస్తవు కృష్ణయ్యా, మనం అడిగిందే ఇచ్చిండు గద దేవుడు," అంది, తనూ ఏడుస్తూ.