మేస్త్రీగారికి పూజ్యులు పలక

ఇత్తడి పలకల మీద పేర్లు చెక్కే ఆ ఇరుకు కొట్లో ఇప్పుడు ఒక్క సుత్తి చప్పుడే వినిపిస్తోంది. ఇదివరకు రెండు వినిపించేవి. మేస్త్రీది నింపాదిగా, ఆమెది కాస్త తొందరగా.

వీధిలోవాళ్ళు ఆమెను అక్షరాలావిడ అంటారు. భర్త పోయిన ఏడాది పని వెతుక్కుంటూ ఆ గడప ఎక్కితే, మేస్త్రీ ఊరూ పేరూ అడగలేదు. "సున్నా చుట్టడం వచ్చా?" అన్నాడు. వచ్చని చెప్పి చుట్టి చూపించింది. "ఇది సున్నా కాదమ్మాయ్, కోడిగుడ్డు" అని ఉలి చేతికిచ్చాడు. ఆ ఉలితోనే ఆమె తల నెరిసింది.

మేస్త్రీ మెచ్చుకోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. పని బాగుంటే పట్టించుకోనట్టు ఉండేవాడు. బాగోకపోతే గొంతు సవరించుకునేవాడు. ఆ చిన్న దగ్గు వినపడితే చాలు, ఆమె ఉలి ఆగిపోయేది.

చేతులు వణకడం మొదలయ్యాక ఆయన రావడం మానేశాడు. "కొట్టు ఇక నీదే" అని భార్యతో తాళంచెవి పంపించాడు. ఇల్లు పక్క వీధిలోనే, అయినా ఇటు తొంగిచూడడు. తలుపు తీసిన ప్రతి పొద్దునా ఆమె ముందు ఆయన ముక్కాలిపీట వైపే చూస్తుంది. పని చేయకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చుంటే చాలు. అదొక్కటే ఆమెకు కావలసింది. వెళ్ళి అడుగుదామంటే ఆయన ఎదుట నోరు పెగలదు. మాట్లాడ్డంకంటే ఆయనకో పలక చెక్కి ఇవ్వడమే తేలిక అనుకుంది.

పేరుకు ముందు ఏ మాట చెక్కాలి? గౌరవనీయులు అన్న మాట ఆఫీసు తలుపులకు చెక్కి చెక్కి అరిగిపోయింది. మాన్యులు అంటే వేదికల మీద మైకు పట్టుకున్నవాళ్ళు గుర్తొచ్చారు. ప్రియమైన అని రాసుకుని, తనలో తనే సిగ్గుపడి చెరిపేసింది. చివరికి పూజ్యులు దగ్గర ఆగింది. కన్నతండ్రికి ఉత్తరం రాసేటప్పుడు పెట్టే మాట. పలుకుతుంటేనే చేతులు జోడించాలనిపించే మాట. తీరిక దొరికినప్పుడల్లా చెక్కి, నల్లరంగు నింపి, అద్దంలా మెరిసేదాకా తోమి, మెత్తటి బట్టలో చుట్టుకుని బయల్దేరింది.

తలుపు తీసింది మేస్త్రీ భార్య. "రావే, ఇన్నాళ్ళకు తీరిందా? మీ మేస్త్రీ పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే. వచ్చేపోయేవాళ్ళ చెప్పులకు వంకలు పెడుతున్నారు."

ఆయన పలకను ఒళ్ళో పెట్టుకుని ముందు తలకిందులుగా తిప్పాడు. మాట చదవకుండా ఉంటేనే అక్షరాల మధ్య ఖాళీలు తెలుస్తాయంటాడు. కాసేపు చూశాక సరిగ్గా తిప్పి చదివాడు. పైన 'పూజ్యులు', కింద 'మేస్త్రీగారు'.

"ఎప్పుడు పోయాను?" అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నాలుక కరుచుకుంది. ఆ మాట బతికున్నవాళ్ళనూ అంటారు, నిజమే. కానీ ఆ మాటతో పలక కావాలని కొట్టుకు వచ్చినవాళ్ళంతా ఇంట్లో ఎవరో పోతే వచ్చినవాళ్ళే. ఫోటో కింద బిగించడానికి ఆమే ఎన్నో చెక్కి ఇచ్చింది. బయటివాళ్ళకు ఈ పలక ముచ్చటగానే ఉండేది. దాన్ని చూసి ఉలిక్కిపడేది వాళ్ళిద్దరే.

"ఏం మాటలండీ అవి? పిల్ల ప్రేమగా తెస్తే" అంది భార్య.

"ప్రేమగానే తెచ్చింది. తెచ్చి గోడకెక్కించేసింది."

"అది కాదు మేస్త్రీగారూ…"

"మరేంటి?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "మీరు కొట్టుకు రావాలి."

ఇన్నేళ్ళలో ఆయన్ని నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

"వచ్చి ఏం చెయ్యను? ఈ చేతులతో టీ గ్లాసే పట్టుకోలేకపోతున్నాను."

"చేతులతో పని లేదు. ఊరికే చూడండి. నా అక్షరాలకు వంక పెట్టేవాళ్ళు లేకుండా పోయారు."

"ఆ పనికైతే ఈయన్ని మించినవాళ్ళు లేరులే" అని భార్య నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు. కిటికీలోంచి వీధివైపు చూశాడు.

"చూద్దాంలే" అన్నాడు. పలక తిరిగి ఆమె చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచు. దీనికి తొందరేం లేదు" అన్నాడు.

ఆ వారం ఒక డాక్టరు తన పేరు పలక కోసం వచ్చాడు. పలక మీద పెన్సిలుతో గీసిన అక్షరాలే ఉన్నాయి.

"ఇంకా చెక్కలేదేంటమ్మా?"

"చూడాల్సినవాళ్ళు చూడలేదండి."

"ఎవరు చూడాలి? కొట్లో ఉంది మీరొక్కరేగా?"

"వస్తారండి" అంది. చూద్దాంలే అన్నాడు తప్ప, వస్తానని మేస్త్రీ అననేలేదు.

డాక్టరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పెన్సిలు గీతలు చెరిగిపోకుండా ఆమె పలక మీద పల్చటి కాగితం కప్పింది. ఉలి పక్కన పెట్టి, వీధివైపు తిరిగి కూర్చుంది.