చెయ్యెత్తుగారి డిక్కీలో దరువు

చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్ష చేసే ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతాల పట్టీలో తప్ప దానికి ఇంకెక్కడా పని పడలేదు. అందరికీ ఆయన చెయ్యెత్తుగారు. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తాను అద్దానికి ఇవతల మిషను ముందు కూర్చుని, "కూత వినిపిస్తే చెయ్యెత్తండి. వినిపించకపోతే ఎత్తకండి. మొహమాటానికి మాత్రం ఎత్తకండి" అని చెప్పడం ఆయన ఉద్యోగం. చెయ్యి లేవకపోతే శబ్దం కొంచెం పెంచుతాడు. అప్పటికీ లేవకపోతే ఇంకొంచెం. లేచిన చోట కాగితం మీద చుక్క పెడతాడు. ఈమాత్రం పనికి అంత గాంభీర్యం ఎందుకని ఎవరైనా అడిగితే, "డాక్టరుగారు చెవిలోకి చూస్తారు. నేను చెవితో మాట్లాడతాను" అంటాడు.

చెవుల గురించి ఆయనకి తెలియని సంగతి లేదు. ఎవరి ఎడమ చెవి మందమో, ఎవరికి భార్య మాట తప్ప మిగతావన్నీ వినిపిస్తాయో, ఏ అత్తగారు కేవలం కోడలి ఫోను కబుర్ల కోసం చెవి మిషను పెట్టించుకుందో, అన్నీ నాలుక చివరే ఉంటాయి. ఇక సొంత చెవులంటే ఆయనకున్న గౌరవం చెప్పనలవి కాదు. స్నానం కాగానే అద్దం ముందు నిలబడి, దూదిపుల్లతో రెండిటినీ వెండి సామాను తోమినంత శ్రద్ధగా తోముతాడు. చెవిలో పుల్లలు పెట్టవద్దని ఆస్పత్రి గోడ మీద పెద్ద బోర్డు ఉంది. అది పేషెంట్ల కోసం.

ఆయన భార్య కర్టెన్లు కుడుతుంది. కొలతలు తీసుకునేదీ, గుడ్డ కత్తిరించేదీ, నిచ్చెనెక్కి గోడకి డ్రిల్లు పెట్టేదీ, రాడ్లు బిగించి వేలాడదీసేదీ ఆవిడే. పాత కారొకటి కొన్న రోజునే ఇంట్లో పంపకాలు జరిగిపోయాయి. స్టీరింగు ఆయనది, డిక్కీ ఆవిడది. సెలవు రోజుల్లో ఆయన తోలుతాడు, డిక్కీలో గుడ్డల చుట్టలు, రాడ్లు, డ్రిల్లు, మడత నిచ్చెన ప్రయాణం చేస్తాయి. ఇంటి ఖర్చులో ఎవరి వాటా ఎంతన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనవలసిన అవసరం ఆవిడకి లేదు, ధైర్యం ఆయనకి లేదు.

ఇలా సాగిపోతుండగా, ఒకరోజు చెయ్యెత్తుగారికి కారులోని కంపెనీ స్టీరియో మీద అనుమానం వచ్చింది.

"దీంట్లో బేసు లేదు" అన్నాడు.

"ఎందుకు లేదండీ! నిన్న దబదబలాడి నా తల పట్టేసింది."

"దబదబలాడేది బేసు కాదు. బేసంటే గుండెల్లో కొట్టాలి."

"దానికి మీరున్నారుగా, ఇంకొకటి దేనికి?"

ఆయన వినిపించుకోలేదు. దరువు పలికే సబ్‌వూఫరు పెట్టె, యాంప్లిఫైయరు వేయిస్తే పాటకి పునాది పడుతుందని, ఇప్పుడున్నది పునాది లేని మేడ అని ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడకి కావలసిన సంగతి ఒక్కటే.

"ఆ పెట్టె ఎక్కడ పెడతారు?"

"డిక్కీలో. ఎంత, ఓ మూల."

"ఏ మూల?"

"మధ్య మూల" అన్నాడాయన, కొంచెం ఆలోచించి.

కార్ల ఎలక్ట్రీషియన్‌ని ఊళ్ళో ఫ్యూజన్న అంటారు. ఇంజను పొగలు కక్కుతూ వచ్చినా, తలుపు ఊడి వచ్చినా, "ముందు ఫ్యూజు చూద్దాం" అనడం అతని అలవాటు. పనిమంతుడు. బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్రవైరు లాగి, దాని మెడలోనే ఫ్యూజు కట్టి, డ్యాష్‌బోర్డు వెనక రబ్బరు కన్నంలోంచి లోపలికి దూర్చి, తివాచీ కింద ఒక పక్కగా డిక్కీ దాకా తీసుకెళ్ళాడు. పాట మోసే వైర్లని రెండో పక్కనుంచి తెచ్చాడు. రెండిటినీ ఒకే దారిన నడిపిస్తే ఇంజను కూత పాటలోకి చొరబడుతుందట. కంపెనీ స్టీరియోకి యాంపు తగిలించే సాకెట్టు లేదు గనక, వెనక స్పీకర్ల వైర్లని పట్టుకుని మధ్యలో చిన్న కన్వర్టరు డబ్బీ పెట్టాడు. ఆ తరవాత వెనక సీటు ఎత్తి, ఇనుప రేకు మీది రంగు గీకడం మొదలుపెట్టాడు.

"రంగు గీకేస్తున్నావేంటయ్యా!"

"రంగు మీద ఎర్తు కూర్చోదు గురువుగారూ. కింద ఇనుము తగలాలి. మళ్ళీ గ్రీజు రాస్తాలెండి, తుప్పు పట్టదు."

అన్నీ బిగించి పాట పెట్టాడు. కారు పైకప్పు మీద పెట్టిన టీ గ్లాసు తనంతట తాను నడక మొదలెట్టింది. ఎదురు కొట్టాయన బయటికొచ్చి మబ్బు కోసం ఆకాశం వైపు చూశాడు. ఫ్యూజన్న మొహం వెలిగిపోయింది. డ్రైవరు సీట్లో చెయ్యెత్తుగారు కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఓపిగ్గా విని, ఓపిగ్గా అడిగాడు.

"ఎప్పుడు మొదలవుతుంది?"

ఫ్యూజన్న అది పరిహాసమనుకుని నవ్వాడు. మర్నాడు కారు మళ్ళీ వచ్చేసరికి నవ్వలేదు. కన్వర్టరు మార్చాడు, ఎర్తు ఇంకోచోట బిగించాడు, పెట్టె వైర్లు అటూ ఇటూ మార్చి చూశాడు. "శబ్దం వస్తోంది గానీ బేసు రావట్లేదయ్యా" అని చెయ్యెత్తుగారు ప్రతిసారీ అదే నిదానంతో, పేషెంటు ఇంటివాళ్ళకి చెడ్డకబురు చెప్పే గొంతుతో చెప్పాడు. చెవుల ఆస్పత్రి మనిషి చెబుతుంటే కాదనడానికి తానెవరు? పాపం, ఫ్యూజన్నకి తన చేతి పని మీద తనకే నమ్మకం పోయింది. ఇంట్లో మిక్సీ బాగుచెయ్యమన్నా భయపడే దశకి వచ్చాడు.

ఈలోగా కర్టెన్లావిడకి పెద్ద పని దొరికింది. కొత్తగా కట్టిన ఆడపిల్లల హాస్టలు, అంతస్తులకి అంతస్తులు కిటికీలు. సోమవారం సాయంత్రం పిల్లలు పెట్టెలతో దిగేలోపు అన్ని కిటికీలకీ తెరలు పడాలి. పడకపోతే తరవాత రెండో హాస్టలు పని ఇంకొకరికి పోతుందని వార్డెనమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఆవిడ రోజూ కుట్టు మిషను ముందు నుంచి లేవడం లేదు.

"సోమవారానికి ఆ పెట్టె తీసేయించండి. నిచ్చెన పట్టడం లేదు, రాడ్లు పట్టడం లేదు."

"సోమవారానికల్లా నీకే నచ్చి, ఉంచమంటావు చూడు."

ఆ మాటతో ఆవిడ మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె చప్పుడు చేసి పెడుతుంది, చీపురు చప్పుడు చేసి పారేస్తుంది, నోరు మాత్రం విప్పదు. చెయ్యెత్తుగారు ఆస్పత్రిలో నర్సమ్మతో, "ఈమధ్య మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!" అని సంతోషించాడు.

ఆదివారం సాయంత్రం ఆయనకి దివ్యమైన ఆలోచన తట్టింది. ఫ్యూజన్న మాటా వద్దు, తన మాటా వద్దు. పద్ధతి ప్రకారం పరీక్ష చేస్తే సరి. మర్నాటి చుట్టలు కట్టుకుంటున్న భార్యని బతిమాలి తెచ్చి, వెనక సీటు నట్టనడుమ కూర్చోబెట్టాడు. అద్దాలెత్తాడు. ఇంజను చప్పుడు పరీక్షకి అడ్డమని ఇంజను ఆపేశాడు. పాట పెట్టాడు.

"బేసు వినిపిస్తే చెయ్యెత్తు. మొహమాటానికి మాత్రం ఎత్తకు."

జీవితంలో ఆవిడ మీద మొహమాటం అనే నింద పడటం అదే మొదలు. రెండు చేతులూ కొంగు కింద దాచుకుని, గుడి ముందు రాతిబొమ్మలా కూర్చుంది. వెనకనుంచి దరువు మొదలైంది. ఆవిడ గాజులు వాటంతట అవే గలగలలాడాయి. ఆయన ముందద్దంలోంచి చూశాడు. చెయ్యి లేవలేదు. దిగి వెళ్ళి డిక్కీ తీసి యాంపు మీది మర కొంచెం తిప్పి వచ్చాడు. చెయ్యి లేవలేదు. ఇంకొంచెం తిప్పాడు. నంబరు ప్లేటు పళ్ళు కొరికింది. పై వాటా పెద్దాయన భూకంపమనుకుని కళ్ళజోడు, మందుల డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. కుక్కలు ఒకదాన్నొకటి నిందించుకున్నాయి. ఆవిడకి పళ్ళు టకటకమంటున్నాయి గాని చెయ్యి మాత్రం లేవలేదు. ఒక్కసారి లేచిందంటే ఆ పెట్టె ఇక తన డిక్కీలోంచి లేవదని ఆవిడకి తెలుసు.

పేషెంటు చెప్పిందే వేదమన్నది ఆయన వృత్తిధర్మం. మర చివరికంటా తిప్పాడు. చాలాసేపటికి పాట నీరసించి, మూలిగి, దానంతట అదే ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు దీపాలు కూడా కళ్ళు మూశాయి.

"చూశావా, ఫిట్టింగులోనే ఉంది లోపం" అని తృప్తిగా తాళం వేశాడాయన.

సోమవారం పొద్దున్న తాళం తిప్పితే కారు టిక్ అంది. మళ్ళీ తిప్పితే ఆ టిక్ కూడా దండగనుకున్నట్టు ఊరుకుంది. మెట్ల మీద తెరల చుట్టలు, రాడ్ల కట్ట, నిచ్చెన. ఒక ఆటో ఆగింది, నిచ్చెన వైపు చూసింది, వెళ్ళిపోయింది. ఇంకొకటి ఆగకుండానే చూసింది. ఆవిడ ఇన్నాళ్ళ మౌనం అక్కడే తెగింది.

"ఏమండీ, పిల్లలొచ్చేస్తారండీ. ఖాళీ కిటికీల గదుల్లో ఆడపిల్లలు ఎలా ఉంటారు? నేను వార్డెనమ్మకి మాటిచ్చానండీ."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకి అలవాటే. లేకపోయేసరికి ఫ్యూజన్న నంబరు వెతికాడు. ఫోను చేస్తే ఫ్యూజన్న స్కూటరు మీద ఛార్జి చేసిన బ్యాటరీ కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చాడు. వస్తూనే డిక్కీ తీసి, ఎవరినీ అడగకుండా పెట్టె విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ విప్పుతూ ఆగాడు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. నిజం చెప్పు. నీకు ఇది వినపడిందా లేదా? నాకు నిద్ర పట్టడం లేదు."

ఆవిడ మెట్ల మీది చుట్టల వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"పక్క వీధికి కూడా వినపడింది నాయనా. నేనే చెయ్యెత్తలేదు."

చెయ్యెత్తుగారు దెబ్బతిన్నట్టు చూశాడు. "తప్పుడు రీడింగు ఇచ్చావా?"

"ఎత్తితే అది నా డిక్కీలో కాపురం పెడుతుంది. బ్యాటరీ పోతుందని నాకేం తెలుసు?"

"గురువుగారూ" అన్నాడు ఫ్యూజన్న, స్పానరు కింద పెట్టి. "అక్కకి వినపడింది. వీధికి వినపడింది. పై వాటా పెద్దాయన మందుల డబ్బాతో దిగాడట. వినపడనిది మీ ఒక్కరికే. ఇంతకీ మీరు పనిచేసేది ఎక్కడన్నారు?"

ఆయన చెవి తడుముకున్నాడు.

"చెవుల ఆస్పత్రిలో" అంది భార్య.

ఫ్యూజన్న బానెట్టు మీద చెయ్యి ఆనించి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అంటారు విన్నాను. వినలేక మద్దెల ఓడనడం ఇప్పుడే చూస్తున్నా! నా పనికి ఏ వంకా లేదన్నమాట. అమ్మయ్య!" ఇక ఆ సంతోషంలో అతనే రాడ్లు మోసి డిక్కీలో సర్దాడు, పెట్టెని స్కూటరు వెనక కట్టుకున్నాడు, కారు స్టార్టు చేసిచ్చాడు.

హాస్టల్లో ఆవిడ నిచ్చెన మీద, ఆయన కింద. కొక్కేలు అందించాడు, రాడ్లు పట్టాడు, వంకరగా పట్టినందుకు తిట్లు తిన్నాడు. ఆస్పత్రికి సెలవు చెప్పడం కూడా మర్చిపోయాడు. పై అంతస్తు చివరి కిటికీకి తెర పడుతుండగా గేటు దగ్గర ఆటోల్లోంచి ట్రంకు పెట్టెలు దిగుతున్నాయి. వార్డెనమ్మ వచ్చి, తెర ఒకసారి ఇటు లాగి అటు లాగి, రెండో హాస్టలు కిటికీల కొలతలకి ఎప్పుడొస్తావని అడిగింది.

నిచ్చెన దిగుతూ ఆవిడ అంది, "ఇప్పుడైనా ఆస్పత్రికి వెళ్ళండి."

"రోజూ వెళ్తున్నాగా."

"అద్దానికి అటువైపు వెళ్ళండి."

మర్నాడు వెళ్ళాడు. డాక్టరుగారు లైటు వేసి చూసి, ఈల వేశారు. ఇన్నేళ్ళ దూదిపుల్లల శ్రద్ధ అంతా లోపల గోడకి దట్టించినట్టు, రెండు చెవుల్లోనూ గట్టి గులిమి రూపంలో భద్రంగా ఉంది. గోరువెచ్చని నీళ్ళు కొట్టి, మెల్లిగా మెల్లిగా బయటికి తీశారు.

"ఇన్నాళ్ళూ ఆ గోడ మీది బోర్డు చదవలేదటయ్యా?"

"నేనే తగిలించాను సార్."

ఆ సాయంత్రం చెయ్యెత్తుగారు లోకాన్ని కొత్తగా విన్నాడు. ఫ్యానుకి ఇంత నొప్పి ఉందని, తన చెప్పులు ఇంత వాగుతాయని ఆయనకి తెలియదు. కంపెనీ స్టీరియో పెట్టుకుంటే పాట పునాది అంతా ఎక్కడిదక్కడే ఉంది. నర్సమ్మతో మాత్రం, "ఫిట్టరు వైర్లు కదిపాక స్టీరియోనే కాస్త దారికొచ్చింది" అని చెప్పుకున్నాడు. మనిషన్నాక ఆమాత్రం ఉండాలి.

అసలు నష్టం భార్యకి జరిగింది. కొన్నేళ్ళుగా ఆవిడ నోట్లో నోట్లో అనుకునే మాటలకి ఇంట్లో పూర్తి స్వేచ్ఛ ఉండేది. "కాసిని మంచినీళ్ళు" అని ఆయన అడగ్గానే అలవాటు కొద్దీ, "చేతులు అరిగిపోయాయి పాపం" అని గొణిగింది. "నా చేతులు బానే ఉన్నాయి" అని వరండాలోంచి జవాబొచ్చింది. ఆవిడ చేతిలో గ్లాసు జారినంత పనైంది. ఆరోజు నుంచి అనేవన్నీ పైకే అంటోంది. ఇద్దరికీ ఓపిక ఖర్చు పెరిగింది.

అయినా ఆశ చెడ్డది. రెండో హాస్టలుకి బయల్దేరే రోజున ఆయన డిక్కీ పక్కన నిలబడి, ఎటో చూస్తూ, "సీటు కింద పట్టే చిన్న సైజు పెట్టెలు కూడా ఉన్నాయట. ఫ్యూజన్న చెప్పాడు" అన్నాడు.

ఆవిడ కారు తలుపు తీసింది. సీటు కింద చెయ్యి పెట్టి చూసి, అక్కడ కొక్కేల సంచీ దోపింది. డిక్కీలో చుట్టల మీద చుట్టలు పేర్చింది. వేలు దూరే సందు కనిపిస్తే అందులో మడిచిన గుడ్డ కుక్కింది. మూత మీద కూర్చున్నంత పని చేసి వేసింది. వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

కారు మలుపు తిరిగింది. వెనక ఏదో టంగుమంది. ఆయన చెవులు రిక్కించాడు.

"రాడ్డేదో వదులుగా ఉన్నట్టుంది. మోగుతోంది."

"మోగనివ్వండి" అందావిడ. "డిక్కీ నాది."