పగడంలో దాచిన ముడి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. నా తొమ్మిదో ఏట అమ్మ నల్లపూసల దండ తెగిపోయింది నా వల్లే.

నిన్న దారానికి కొవ్వొత్తి మైనం రుద్దుతుంటే ఆ వాసనకి అదంతా మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిందని ఒక పూసల డబ్బాను, నరసరావుపేటలో నేనుంటున్న గదికి అమ్మ పంపించింది.

దాచేపల్లి దగ్గర మా ఊళ్లో, ఇంటి ముందు నాపరాళ్లు పరిచి ఉండేవి. ఎండాకాలం వాటి మీద మిరపకాయలు ఆరబోసేవాళ్లు. సిమెంటు లారీ పోయినప్పుడల్లా లేచే తెల్లటి దుమ్ముకీ, ఆ కాయల ఘాటుకీ ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే ఉండేవాళ్లం. ఆ తుమ్ముల మధ్యే వసారాలో నాయనమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, సత్తు పళ్లెంలో తెల్లగుడ్డ పరిచి, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో బెల్లం జీళ్లతో పాటు కొనుక్కొచ్చిన నల్లపూసలు అందులో పోసి, దారం కొసని నోట తడిపి, మైనం రాసి, వేళ్ల మధ్య పురిపెట్టి దాన్నే సూదిలా చేసుకునేది. పూసలన్నీ గుచ్చాక చివర ఒక పగడం ఎక్కించి, వేసిన ముడిని దాని కంతలోకి లాగేసేది. ఎంత వెతికినా కొస కనబడేది కాదు. పెళ్లి కుదిరిన ఇంటివాళ్లంతా పూసలు గుచ్చించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

"నీ ముడి ఎద్దులు గుంజినా ఊడదత్తా," అనేది పక్కింటి కోటమ్మ.

"నాకేసిన ముడి చూడరాదూ, నలభై ఏళ్లయినా ఊడి చావట్లా!" అనేవాడు తాతయ్య మంచం మీద నుంచి.

ఆ ముడి నేర్పమని ఒకే ఒక్కసారి అడిగాను. "నల్లపూసలు ముత్తయిదువలే గుచ్చాలే. పెళ్లయినాక నేర్పుతాలే," అంది. ఏదీ రెండోసారి అడిగే పిల్లని కాదు నేను.

ఒక మధ్యాహ్నం అమ్మ తలంటుకోవడానికి దండ తీసి మేకుకి తగిలించింది. నేను గౌనుకున్న పిన్నీసు తీసి పగడం కంతలో గెలికాను. ముడి కొంచెం బయటికొచ్చి వదులైంది. నాయనమ్మ అది ఎలా వేసిందో చూద్దామనుకునేలోపే స్నానాలగది గొళ్లెం చప్పుడైంది. ముడిని పిన్నీసుతోనే లోపలికి తోసి, దండని మేకుకి తగిలించేశాను.

మర్నాడు పొద్దున అమ్మ బోరింగు కొడుతుంటే పూసలన్నీ జలజలా రాలి నాపరాళ్ల సందుల్లోకి దొర్లిపోయాయి. నాన్న ముందురోజే లారీ మీద హైదరాబాదు వెళ్లాడు. నల్లపూసలు తెగాయని అనకూడదు, పెరిగాయనాలి. అమ్మ ఆ మాటే అంటూ నాయనమ్మ మీదికి తిరిగింది.

"ముడి సరిగ్గా ఏసుంటే ఎందుకు పెరిగేయి అత్తా? ఆయన రోడ్డు మీదున్నాడు!"

నాయనమ్మ మోకాళ్ల మీద కూర్చుని చీపురుపుల్లతో ఒక్కొక్క పూసా సందులోంచి తీసింది. పక్కనే నేనూ తీశాను. చెబుదామని నోటిదాకా వచ్చింది. నాన్నకి ఏమన్నా అయితే అది నేనే చేసినట్టా, నేను చెప్పేస్తే కానట్టా, ఏమీ అర్థం కాలేదు. సాయంత్రానికి నాన్న నవ్వుతూ, సంచినిండా ద్రాక్షపళ్లతో వచ్చాడు. ఇక భయం లేదు కదా, అప్పుడన్నా చెప్పొచ్చు. చెప్పలేదు.

అమ్మకి పూసలు మళ్లీ గుచ్చి ఇచ్చాక నాయనమ్మ ఇంకెవరికీ గుచ్చలేదు. కోటమ్మ కూతురు పెళ్లికి కూడా, "చేతులు పట్టు తప్పినయ్యే, ఇంకోళ్లకి చెప్పుకో," అని పళ్లెం వెనక్కి నెట్టేసింది. కోటమ్మ పూసలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. నిజంగానే పట్టు తప్పిందా, చూపు ఆనలేదా, అమ్మ మాటే తగిలిందా, నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కోసారి ఆమె నా గౌనుకున్న పిన్నీసు వైపే చూస్తోందనిపించేది. అదీ నా ఊహేనేమో.

ఇప్పుడు అమ్మ మెడలో షాపులో కొన్న బంగారు నల్లపూసల గొలుసుంది, కొక్కెంతో సహా. మా వీధిలో పూసలు గుచ్చేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. నిన్న డబ్బాలోని పూసలన్నీ గుచ్చి, పగడం ఎక్కించి ముడి వేశాను. లోపలికి పోలేదు, బయటే ఉబ్బెత్తుగా కనబడుతోంది. విప్పి మళ్లీ వేశాను. అంతే.

రెండేళ్ల కిందట ఆసుపత్రిలో నాయనమ్మ మంచం పక్కన ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నాను. ఈరోజు చెప్పేస్తానని ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆమె నా చెయ్యి పట్టుకుని, బొటనవేలితో నా వేళ్ల కొసల్ని, దారానికి పురిపెడుతున్నట్టు రుద్దింది. తర్వాత అన్న మాట నన్ను అడిగిందో, తనలో తను అనుకుందో, అంతా తెలిసే నాకొక దారి చూపించిందో ఎన్నిసార్లు తలుచుకున్నా తేలదు. ఆ తర్వాత పోయేదాకా మళ్లీ ఆమె మాట్లాడలేదు.

"ఆ ముడి నేను గట్టిగానే ఏశానే అమ్మాయ్. మరి ఎట్టా ఊడిందో."