మా అత్తతో ములాఖత్

మా అత్త జైల్లో ఉన్నన్నాళ్లలో నేను ఒక్కసారే చూడటానికి వెళ్లాను. అదీ ఇష్టంతో వెళ్లలేదు.

మాది కొమరోలు దగ్గర పల్లె. మా చేలో ఉన్న బోరు రెండు ఇళ్లకు ఉమ్మడిది. రెండో ఇల్లు మా పిన్నిది, అంటే మా అమ్మ సొంత చెల్లెలిది. నన్ను మా అత్త ఇంటికి కోడలిగా తెచ్చింది కూడా ఆమే. మిరప కాపు మీద ఉండగా బోరులో నీళ్లు సన్నబడ్డాయి. ఒక పొద్దున, తన వంతు అయిపోయినా పిన్ని నీళ్లు వదల్లేదని అత్త అరిచింది. పిన్ని ఊరుకోలేదు, ఆమె కూడా నాలుగు మాటలంది. అత్త చేతిలో పార ఉంది. ఎత్తి పిన్ని తల మీద వేసింది. నేను గట్టు మీదే ఉన్నాను. పోలీసులు నన్ను సాక్షిగా రాసుకున్నారు.

నా భర్త లారీ డ్రైవరు. అప్పుడు నాగపూర్ అవతల ఎక్కడో ఉన్నాడు. ఫోన్ చేసి, “అమ్మను చూసేదానికి ఇంట్లోంచి ఎవురూ పోకుంటే ఊర్లో నేను తలెత్తుకోగల్నా? నువ్వు పో” అన్నాడు.

“మా పిన్ని ఆసుపత్రిలో పడుంది.”

“ఆమెకు మీవాళ్లంతా ఉండారు. మా అమ్మకు ఎవరుండారు?”

తెల్లారకముందే గిద్దలూరులో బస్సెక్కితే ఒంగోలు చేరేసరికి ఎండ ముదిరింది. జైలు గేటు ముందున్న బండి దగ్గర అరటిపండ్లు కొన్నాను. లోపల ఆధార్ కార్డు చూసిన ఆయన, “ఆమె నీకేమవుతుంది?” అని అడిగాడు. అత్త అన్నాను. “అత్తను చూడ్డానికి వచ్చిన కోడల్ని ఇదే చూడ్డం” అని పక్కనున్న ఆయనతో కలిసి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

జాలీకి ఇవతల జనం ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. అవతలికి అత్త వచ్చింది. నాలుగు రోజులకే చిక్కిపోయి ఉంటుందనుకున్నాను. ఏమీ చిక్కలేదు. మామ పోయినప్పటి నుంచి ఇల్లంతా నడిపిన అదే ముఖం, అదే చూపు.

“వాడు రాలేదా?”

“లోడు మీద పోయినాడు.”

“అరటిపండ్లు ఎవురు తెమ్మన్నారే? నాకు షుగరని తెలీదా?”

తెలుసు. కొనేటప్పుడూ గుర్తుంది. అయినా కొన్నాను.

ఆమె జాలీ దగ్గరికి వంగింది. “బర్రె ఈనిందా?”

మా బర్రె ముందురోజే ఈనింది. పెయ్యదూడ. అత్త నెలల తరబడి పెయ్యదూడ కోసమే ఎదురుచూసింది. ఆ మాట నా నోటి దాకా వచ్చి ఆగింది.

“మా పిన్ని ఎట్లుందో అడగవా అత్తా?”

“నన్ను ఈడికి తోలించినదాన్ని నేను అడగాల్నా?”

“అయితే బర్రె సంగతి నేనూ చెప్పను.”

అప్పుడు మారింది ఆమె ముఖం. జాలీని వేళ్లతో పట్టుకుంది. “ఈనలేకపోయిందా? ఏమన్నా అయిందా? చెప్పవే!”

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక మాట కోసం బతిమాలడం అదే మొదలు. అబద్ధమెందుకు, నాకు హాయిగా అనిపించింది.

నేను చెప్పనని తెలిశాక తమాయించుకొని గొంతు తగ్గించింది. “సరే ఇను. కోర్టులో నువ్వు చూడలేదని చెప్పు. ఇంటికాడుండానని చెప్పు. అంతే.”

“చూసినాను గదా.”

“నా ఇంట్లో తిని నా మీదనే సాక్ష్యం చెప్తావా?”

“తినింది నేను వండిందే.”

“నేనొచ్చేనాటికి నువ్వు ఆ ఇంట్లో ఉండగూడదు.”

“నువ్వు ఎప్పుడొస్తావో ఏమో” అన్నాను. టైమయిపోయిందని వార్డరమ్మ ఆమెను లోపలికి పొమ్మంది. నేను వెనక్కి చూడకుండా బయటికి వచ్చేశాను.

అత్త బెయిలు మీద వచ్చింది. నేను ఇల్లు వదల్లేదు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగించుకున్నాం. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు చెప్పుకునేవాళ్లం. కేసు విచారణకు వచ్చేసరికి పిన్ని తల మీద వెంట్రుకలు పెరిగి మచ్చ కూడా కనపడకుండా పోయింది.

కోర్టులో ముందు పిన్నిని పిలిచారు. నేను వరండాలో ఉన్నాను. తర్వాత నన్ను పిలిస్తే, చూసింది చూసినట్టు చెప్పాను. అత్త తరఫు వకీలు లేచి నిదానంగా అడిగాడు: “దెబ్బ తగిలిన మనిషే, గట్టు మీద జారి రాయి మీద పడ్డానని ఇప్పుడే చెప్పింది. మరి నువ్వు ఏం చూశావమ్మా?”

పిన్ని వైపు చూశాను. ఆమె తల వంచుకొని కొంగు సర్దుకుంటోంది. మళ్లీ అదే చెప్పాను, “మా అత్త పారతో కొట్టింది.” నా మాట నిలబడలేదు. కేసు కొట్టేశారు.

బయట పిన్నిని పట్టుకొని అడిగాను, ఎందుకు చేశావని.

“బోరు వాళ్ల చేలో ఉందే. నీళ్లు లేకుంటే నేనెట్ల బతకాల? నాకు ఒక వంతు ఎక్కువిస్తానని మీ అత్త పెద్దమనుషుల ముందర ఒప్పుకునింది.”

“నాకొక మాట చెప్పొచ్చు గదా.”

“నువ్వు ఆ ఇంటి కోడలివి. ఎట్లయినా అత్త దిక్కే చెప్తావనుకుంటి.”

వాళ్లిద్దరూ ఒకే ఆటోలో ఊరికి పోయారు. నేను పోలేదు. ఇప్పుడు గిద్దలూరులో అద్దెగదిలో ఉంటూ జాకెట్లు కుడతాను. భర్త లోడుకు లోడుకు మధ్య వచ్చి పోతుంటాడు. కోర్టు ఊసు నేనెత్తితే లేచి బయటికి పోతాడు.

ఈమధ్య తిరునాళ్లకు రమ్మని పిన్ని ఫోన్ చేసింది. పక్కన అత్త గొంతు కూడా వినపడుతోంది. “మేమిద్దరం ఎప్పుడో మర్సిపోతిమి. నువ్వే ఇంకా పట్టుకోనుండావు” అంది పిన్ని.

ఫోన్ పెట్టేసి, ఆ నెంబరు బ్లాక్ చేశాను.