హాల్లో బావురుపిల్లి

"పులి కాదండి మావయ్యగారూ, బావురుపిల్లి."

అనేశాక గానీ తెలీలేదు, అనకుండా ఉండాల్సిందని. గోడకి మేకు కొట్టి, ఆయిల్ పెయింటింగ్ తగిలించి, ఆయనింకా స్టూలు కూడా దిగలేదు. కింద మా అత్తగారు, పక్కింటి పిన్నిగారు, నేను.

తాడేపల్లిగూడెంలో వలలు, తాళ్ళు అమ్మే షాపు మాది. మావయ్యగారు ఏలూరు వెళ్ళి, ఎగ్జిబిషన్లో మోజుపడి కొనుక్కొచ్చారు దాన్ని. పులి బొమ్మ కొన్నానని దారిపొడుగునా అందరికీ ఫోన్లే. రేపు పొద్దున్నే చూడ్డానికి వస్తానని ఆయన స్నేహితుడొకాయన చెప్పారు కూడా.

మామూలు బొమ్మ కాదులెండి. దగ్గరికెళ్తే రంగంతా పిడకలు కొట్టినట్టు దళసరిగా, వేలు పెడితే గరుగ్గా ఉంటుంది. ఏదీ తెలీదు. నాలుగడుగులు వెనక్కొస్తే అప్పుడు రెల్లు, నీళ్ళు, అవతల రెండు లేళ్ళలాంటివి, ఇవతల చారలో మచ్చలో తెలీని జంతువొకటి. నీటి అంచున గొంతుక్కూచుని ముందుకాలు చాపింది. మా పుట్టిల్లు కొల్లేరు పక్కన, కలిదిండి దగ్గర. చేపల చెరువు గట్టు మీద మా నాన్నకి అన్నం పట్టికెళ్ళి ఆ కూర్చోడం ఎన్నిసార్లు చూశానో. మా చేపలు తిన్న మొహాన్ని మర్చిపోతానా.

అత్తగారు చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు. "ఏవండీ, గిన్నెలో పాలు పొయ్యమంటారా దానికి?"

"ఎలకల బెడద తీరిందిలెండి వదినగారూ" అన్నారు పిన్నిగారు.

మావయ్యగారు నవ్వలేదు. సుత్తి లోపల పెట్టి షాపుకెళ్ళిపోయారు. మధ్యాహ్నం చేపల పులుసు మారు వడ్డించబోతే చెయ్యడ్డం పెట్టారు. పులుసు వద్దన్నారంటే బాగా తగిలిందన్నమాటే. నేను కాపురానికొచ్చి నాలుగు నెలలు, ఆయన నన్నొక్క మాటనలేదు. నేనే అన్నాను.

సాయంత్రం చూస్తే బొమ్మ ముందు నిలబడి తల అటూ ఇటూ వాలుస్తున్నారు.

"తోక పొడుగ్గానే ఉంది కదమ్మా."

అది తోక కాదు, రెల్లు. ఆ మాట మింగేసి "ఉందండి" అన్నాను. నమ్మలేదు. "రేపు వాడు నవ్వుతాడు" అని గొణుక్కున్నారు.

పొద్దున్నే ఆ స్నేహితుడు రానే వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళారు, వెనక్కొచ్చారు. "పులన్నావు, ఇలా కూర్చుందేంట్రా?"

మావయ్యగారు గొంతు సవరించుకుని నావైపు చూశారు. నేను ఆ పెద్దాయన చేతికి కాఫీ గ్లాసిచ్చి చెప్పాను.

"మా కొల్లేరు పులండి. చేపల కోసం అలాగే కూర్చుంటుంది."