కొబ్బరినూనె కింద తొమ్మిది మెదళ్లు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక వీరనారి, ఆమె వెంట పన్నెండు మంది స్త్రీలు, వారం రోజుల దీక్ష, చివర్లో ముగ్గురు పెద్దల ముందు సత్యపరీక్ష ఉన్నాయి. ఇలా మొదలుపెడితే చదువుతారని రాశాను. నిజానికి ఇందులో ఉన్నవి ఒక వైర్ల టోపీ, ఒక కుళాయి, కొంత షాంపూ.

గత ఏడాది ఫిబ్రవరి. భిలాయిలో, నెహ్రూ నగర్ వైపు ఉన్న ఒక కాలేజీలో నేను ప్రాజెక్ట్ అసోసియేట్‌ని. ఇంట్లో ఎవరూ డిగ్రీ దాకా రాని పిల్లలకు మెదడు మీద పరిశోధన ఎలా చేస్తారో నేర్పి, పెద్ద సంస్థల్లో వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తు చేయించడం నా పని. న్యూరోసైన్స్ అంటే పిచ్చాసుపత్రి కాదని తల్లిదండ్రులకు చెప్పడంతోనే మొదటి నెల గడిచిపోతుంది.

మాకున్న ఏకైక ఆస్తి ఈఈజీ టోపీ. దానికి ఎలక్ట్రోడ్లు, అంటే చిన్న లోహపు బిళ్లలు ఉంటాయి. నెత్తికి తొడిగితే మెదడులో పుట్టే అతి సన్నటి విద్యుత్తును అవి చర్మం మీంచి పట్టుకుంటాయి. బిళ్లకీ చర్మానికీ మధ్య ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత ఇంపీడెన్స్. తక్కువుంటే స్క్రీన్ మీద పచ్చచుక్క, ఎక్కువుంటే ఎర్రచుక్క. మా వృత్తిలో సుఖదుఃఖాలకు ఆ రెండు రంగులే.

పైడితల్లి బీఎస్సీ రెండో ఏడాది. తాత విజయనగరం నుంచి వచ్చి స్టీల్‌ప్లాంట్‌లో పర్మనెంట్ అయ్యాడు. తండ్రి అదే ప్లాంట్‌లో కాంట్రాక్టు ఫిట్టర్. ఇంటర్న్‌షిప్ వస్తే ఎమ్మెస్సీ చదివిస్తానని, రాకపోతే బీఎడ్‌లో చేర్పిస్తానని ఆయన నాతో సూటిగా చెప్పేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను. టీచర్ ఉద్యోగమంటే ఏమిటో ఆయనకు తెలుసు. మెదడు ఉద్యోగమంటే ఏమిటో నాకే పూర్తిగా తెలీదు.

దరఖాస్తుతో పాటు చిన్న ప్రాజెక్టు రిపోర్టు పంపాలి. రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్ల ధ్యాస ఎలా ఉంటుందో చూస్తానంది పైడి. ఒకే రకం బీప్‌ల మధ్య అప్పుడప్పుడు తేడా బీప్ వినిపిస్తుంది, మెదడు దాన్ని పట్టుకుందా లేదా అని చూడాలి. ఇలాంటి ప్రయోగాలకు మామూలుగా కాలేజీ కుర్రాళ్లే దొరుకుతారు, ఖాళీగా ఉండేది వాళ్లే కనక. పైడి మాత్రం సెక్టర్ 6 చుట్టుపక్కల తిరిగి ఆస్పత్రి ఆయాల్ని, క్యాంటీన్ వంటవాళ్లని పన్నెండు మందిని ఒప్పించింది.

తలస్నానం చేసి రమ్మని వాళ్లకు చెప్పింది నేనే. మాన్యువల్లో ఉన్నదంతే. వాళ్లు పొద్దున షిఫ్టు దిగి, ఇంటికెళ్లి, తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని, కొబ్బరినూనె దట్టంగా రాసి, బిగించి జడేసుకుని వచ్చారు. ఇద్దరు పూలు కూడా పెట్టుకున్నారు.

మొదట కూర్చున్నది పైడి పక్కింటి రమణమ్మ, ఆస్పత్రిలో ఆయా. టోపీ తొడగ్గానే స్క్రీన్ నిండా ఎర్రచుక్కలు.

"ఏటే పైడీ, అన్నీ ఎర్రగున్నాయి. నా బుర్రలో ఏటీ నేదేటి?"

"ఉంది అత్తా. నూనె కింద ఉంది."

"మరి ముందే సెప్పాల గదే. తలకి పోసుకున్నాక నూనె రాసుకోకుండా నలుగుర్లోకి ఎవురొస్తారు?"

ఆ ప్రశ్నకు మాన్యువల్లో జవాబు లేదు. స్పిరిట్ దూదితో తుడిచి, జెల్ ఎక్కువ పూసి, సరిపోతుందిలే అని పని నడిపించాను. సరిపోలేదు. వారం తర్వాత విశ్లేషణకు కూర్చుంటే పన్నెండు రికార్డింగుల్లో తొమ్మిది పనికిరానివని తేలింది. దరఖాస్తు గడువు ఇంకా పది రోజులు.

అనుభవజ్ఞుడిగా ఒక సలహా ఇచ్చాను. బాగున్న ఆ మూడింటితో అందమైన గ్రాఫ్ గీసి, ముగ్గురి మీదే చేశామని రాసి పంపేద్దాం, మిగతా తొమ్మిదింటి ఊసే వద్దు అన్నాను. పైడి తల అడ్డంగా ఊపింది.

"మా నాన్న షిఫ్టు దిగేముందు ఏటి పాడైందో లాగ్‌బుక్‌లో రాసి దిగుతాడు భయ్యా."

"ఇది ప్లాంట్ కాదు కదా."

"అక్కడ రాయకపోతే తర్వాత ఎక్కినోడి చెయ్యి పోద్ది. ఇక్కడ చెయ్యి పోదు, అంతే తేడా."

నా సలహాను నేనే వెనక్కి తీసుకున్నాను. ఇది నా జీవితంలో అరుదు.

మర్నాటి నుంచి వారం పాటు, షిఫ్టు దిగిన వాళ్లను దిగినట్టే తీసుకొచ్చి, ల్యాబ్ వెనక కుళాయి దగ్గర కూర్చోబెట్టి తనే తలంటింది. రెండేసి సార్లు షాంపూ, తర్వాత తువ్వాలు, ఆ తర్వాతే టోపీ. తన పెళ్లికి కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా తలంటలేదని రమణమ్మ కళ్లు మూసుకునే చెప్పింది. చుక్కలన్నీ పచ్చబడ్డాయి. అలా ఆరుగురివి మళ్లీ తీయగలిగాం. ముగ్గురికి షిఫ్టులు మారి రాలేకపోయారు.

రిపోర్టు మొదటి పేజీలోనే పైడి ఒక పట్టిక పెట్టింది. ఏ రికార్డింగు పాడైంది, కారణం ఏమిటి, ఎలా సరిచేశాం, సరికానివి ఎన్ని. తొమ్మిది మందితో పెద్ద సత్యాలేవీ తేలవని కూడా రాసింది. అది చదివి నేను లోలోపల బీఎడ్ ఫారం నింపేశాను.

అయినా ఇంటర్వ్యూకి పిలిచారు. ఆన్‌లైన్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు. నైతిక మద్దతుగా నేను కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చున్నాను, అంటే వదులైన ఛార్జర్ పిన్ను పట్టుకుని. మొదట ఇంగ్లిష్‌లో తడబడింది. హిందీలో చెప్పమన్నాక కుదుటపడింది. ఇన్ని పాడైన సంగతి మొదటి పేజీలోనే ఎందుకు పెట్టావని ఒక మేడమ్ అడిగారు.

"రేపు ఈ టోపీ పట్టుకుని మాలాంటి ఇళ్లకు వెళ్లేవాళ్లకు తెలియాలి కదా మేడమ్. మాన్యువల్ రాసినవాళ్లకు మా తలల సంగతి తెలీదు."

నూనె సంగతి ముందే చెప్పాల్సింది ఎవరని ఇంకొకాయన అడిగారు. మా టీమ్ అంటుందని ఆశపడ్డాను.

"మా ప్రాజెక్ట్ అసోసియేట్ సర్. ఇక్కడే ఉన్నారు, ఛార్జర్ పట్టుకుని."

ఒకసారి కనపడమన్నారు. వంగి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. చేతులు జోడించాను కనక ఛార్జర్ వదిలేశాను. లాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ లైను కలిసేసరికి ముగ్గురూ ఇంకా నవ్వుతున్నారు. మిగతా సమయమంతా తలంటిన పద్ధతి గురించే వివరంగా అడిగి రాసుకున్నారు.

నెల తిరక్కుండా ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది. ఆ సాయంత్రం పైడి తండ్రి డ్యూటీ బట్టల్లోనే ల్యాబ్‌కి వచ్చాడు. రిపోర్టు అడిగి తీసుకుని, మొదటి పేజీ పట్టిక మీద వేలు పెట్టి ఒక్కో గడీ దిగుతూ చదివాడు.

"ఇది లాగ్‌బుక్కే గదా బాబూ."

అవునన్నాను.

"కారణం కాడ మీరే ఉన్నారు."

దానికీ అవునన్నాను. ఆయన కాగితాలు జాగ్రత్తగా సర్ది నా చేతికిచ్చి, ఎమ్మెస్సీకి ఫారాలు ఎప్పుడిస్తారని అడిగాడు.

పరిశోధన నేర్పడానికి నన్ను పెట్టుకున్నారు. అందులో కష్టమైన భాగం ఆ అమ్మాయి ఇంటి నుంచే నేర్చుకుని వచ్చింది. ఫారాలు నింపడం, గ్రాఫులు గీయడం నేర్పితే చాలింది. పాడైనదాన్ని మొదటి పేజీలోనే, కారకుడితో సహా రాయడం నేనే ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు మా ల్యాబ్‌లోనూ ఒక లాగ్‌బుక్ ఉంది. అందులో నా పేరు తరచుగా కనిపిస్తుంది.

ఎంపిక మెయిల్‌లో అభినందనల కింద ఇంకో పేరా ఉంది. చేరేరోజు ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు తేవాలి. హాస్టల్లో బకెట్, మగ్గు ఇవ్వరు.